మహల్

మస్కట్ నుంచి ఇజ్కీ దాకా కారద్దంలో
ఒక్క పచ్చని రెమ్మ కనపడితే ఒట్టు.
కొండలు సైతం తోలు ఒలిచిన గొర్రెల మాదిరి ఉండాయి.
"అయ్యో, ఎన్నేండ్ల కరువో ఈ దేశానికి!" అన్నా.
డ్రైవరు మస్తాన్, కోడూరోడు, నవ్వినాడు.
"కరువు కాదక్కా, ఈడ ఇంతే."
ఇంతే అంటే ఎంతో
నాలుగేండ్లకు గాని నాకు తెలీలేదు.

మాది లక్కిరెడ్డిపల్లె పక్కన.
మా వానలకు పేర్లుండాయి, తేదీలుండాయి.
మృగశిరకు దున్నాల, ఆరుద్రకు ఇత్తాల,
పుబ్బకు చెనిక్కాయ ఊడలు దిగాల,
ఉత్తర కూడా మోసం చేస్తే
గంప నెత్తిన పెట్టుకోని ఊరిడవాల.
కార్తె కార్తెకూ ఆకాశం మాకు బాకీ.
ఆ బాకీనే జామీను పెట్టి
రాయచోటి అంగట్లో నాయన ఇత్తనాలు అప్పుకు తెచ్చేవాడు.

ఒక యేడు ఊడలు దిగినాయి,
నేల గట్టిగా ఉండి లోపలికి పోలేక
సూదుల్లా గాలిలోనే ఎండిపోయినాయి.
నాయన చేన్లో గొంతుకూచోని
ఒక్కొక్కటీ తుంచి, ఇరిచి, చూసి, పారేసినాడు.
పిలిచిన చుట్టాలు రాక
వండిన కూడు సల్లారిపోయిన ఇల్లు
ఎట్లుంటాదో అట్లుండె మా చేను.

ఈడ ఎవురూ ఎవురినీ పిలవలేదు.
ఇసక వాన దారి చూడదు.
మేక గులకరాళ్ళ మధ్యన ఏదో ఏరుకోని తింటాది,
దానికి లోటని తెలీదు.
పెద్దామె ఇంటెనక ఒక చెట్టుంది, గాఫ్ అంటారు.
పూత పూసినపుడు గుర్తుపట్టినా,
ఓసి దీని పాసుగాల, మా జమ్మే!
మా కరువులో కూడా ఏడవని చెట్టు అదొకటే.
పుట్టిల్లు ఇదేమో అనుకున్నా.

పెద్దామె పేరు రయ్యా. అవ్వ నేను తగిలించింది.
చూపు సగం, నడక సగం, నోరు మాత్రం నిండుగా.
కొండ కడుపులోంచి వచ్చే కాలవలో, దాన్ని ఫలజ్ అంటారు,
రయ్యవ్వకు ఒక వంతుంది:
బేస్తవారం తెల్లారుజామున, అరగంట.
ఒకప్పుడు చుక్కల్ని చూసి పంచుకునేవాళ్ళంట,
ఇప్పుడు సెల్లు చూసి పంచుకుంటారు.
కొండ మీద ఏడాదికి మూడు వానలో నాలుగో.
"చాలు" అంటాది ఆమె.
మా ఊర్లో ఆ మాట నేనెపుడూ వినలేదు.

రెండు చలికాలాలు కొండ మీదికి ఆ మూడూ రాలేదు.
ఒక బేస్తవారం నన్ను పట్టుకోని కాలవ దాకా నడిచింది.
గోడ మీద పాత గీతలుండాయి. ఏలితో తడిమింది.
నీళ్ళు అన్ని గీతల కిందికీ పోయినాయి.
కట్టె ముంచి, తీసి, తడి ఎంతవరకో చేత్తో చూసి
"మహల్" అనింది.

నవ్వొచ్చింది నాకు. మహలా?
మాకది రాజులుండే ఇల్లు.
అపుడు మొహం చూసినా.
ఊడ ఇరిచి చూసేటపుడు నాయన మొహం.

ఇంతే అన్న దేశానికి గూడా
ఒక ఇంత ఉంది.
ఆ ఇంతలో కొంత తగ్గింది.

అరగంట అట్లే ఉంది, నీళ్ళే సగం.
ఇరవై ఖర్జూరం చెట్లలో
కొన్నిటికి కాలవ కట్టెయ్యాల.
ఏవో చెప్పమంటే రయ్యవ్వ నోరు పెగల్లేదు,
అన్నీ మొగుడు నాటినవే.
నన్ను చూపించమనింది.
చూపించినా. ఒకటి, రెండు, గోడవతల ఆ మూడు.
ఏ ఎద్దును ముందు అమ్మాలో
తొమ్మిదేండ్లకే నేర్చుకున్నోళ్ళం,
ఏలు వణకలేదు.
పార తీసుకోని మన్ను కొట్టినా.
మన్ను మాత్రం రెండు దేశాల్లోనూ ఒకటే బరువు.

రేత్రికి చెల్లెలు ఫోను చేసింది.
ఈ సారి ఆరుద్ర బాగుందంట, గొంతులో తడి తెలుస్తాంది.
"ఆడ ఎపుడూ కరువేనంట గదా?" అనింది.

"లేదు మే.
ఈడికి కరువు ఈ యేడే వచ్చింది."